గురమ్మ కడిగిన ఫ్లాస్కులు

ప్రొద్దుటూరులో ఒక డిగ్రీ కాలేజీ ఉంది. పేరు చెప్పను. దాని కెమిస్ట్రీ ల్యాబులోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్ళు ముందు చూసేది గోడ మీది చార్టును కాదు, పెచ్చులూడుతున్న పైకప్పునూ కాదు. కిటికీ పక్కన కొయ్య స్టాండుకు తలకిందులుగా వేలాడే గాజు ఫ్లాస్కులను చూస్తారు. వీధికి పది బంగారం అంగళ్ళున్న ఊళ్ళో మెరుపు గురించి గొప్పలు పోవడం నాకే సిగ్గుగా ఉంది గానీ, ఉన్నమాట చెప్పుకోవాలి కదా, ఆ ఫ్లాస్కులు మెరుస్తాయి. ఎవరు కడిగారని అడిగితే చాలు, గురమ్మ కొంగు నడుముకు దోపుకుంటూ ముందుకొస్తుంది.

"నేనే సార్. గాజు కడగడమంటే గిన్నెలు తోమినట్ల గాదు. గాజుకు మురికి కనపడదు. మనమే వెతకల్ల."

గురమ్మకు నలభై ఎనిమిదేళ్ళు. పుట్టింది పులివెందుల అవతల కొండ కింది పల్లెలో. ఏడో తరగతి దాకా చదివింది. లెక్కల్లో తనే ఫస్టని ఇప్పటికీ చెప్పుకుంటుంది, కాదనడానికి సాక్షులెవరూ మిగల్లేదు. జమ్మలమడుగులో ఓబులేసుకు ఇచ్చి చేశారు. ఓబులేసు నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేస్తాడు, ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల దాకా దుమ్మే. పద్నాలుగేళ్ళ కిందట ఔట్‌సోర్సింగ్‌లో ల్యాబ్ అటెండరు పని దొరికితే, ఏడున్నర బస్సుకు ప్రొద్దుటూరు రావడం, ఐదున్నర బస్సుకు తిరిగి పోవడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళలో మూడు ఏజెన్సీలు మారాయి, ఐదుగురు ప్రిన్సిపాళ్ళు మారారు, గురమ్మ మారలేదు. ఏటా మార్చి నెల వస్తే మాత్రం ఆమెకు అన్నం సహించదు. కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో ఏజెన్సీవాళ్ళు చెప్పేది అప్పుడే.

కడగడంలో ఆమెకొక కిటుకుంది. చేరిన కొత్తలో ఫ్లాస్కులు కడగడానికి ముదురు ఎరుపు రంగు యాసిడ్ ఒకటిచ్చేవాళ్ళు. అది ఒలికి మణికట్టు కాలింది. హెడ్డు నారాయణ సార్ ఆ సీసాను అప్పటికప్పుడు తీయించి బయటపెట్టించాడు. మంచి పని చేశాడు, కాదనను. కానీ దాని బదులు ఏం వాడాలో చెప్పడం మరిచిపోయాడు. సబ్బుకు ఇనుప మరకలు పోవు. పిల్లలు ప్రాక్టికల్సులో ఇనుము ఉప్పులు వాడి వదిలేస్తే గాజు లోపల ఎర్రమన్ను పూసినట్టు మరకలుండేవి. అప్పుడు గురమ్మకు చింతపండు గుర్తొచ్చింది. ఎలాగూ ప్రతి శుక్రవారం ల్యాబులో నీళ్ళు వేడిచేసే రాగి వాటర్ బాత్‌నూ, ఇత్తడి బర్నర్లనూ చింతపండూ ఉప్పూ వేసి తోముతుంది. ఆ గుజ్జు పారేయడమెందుకని ఒక ప్లాస్టిక్ డబ్బాలో దాచి, వారమంతా ఫ్లాస్కులకు వాడడం మొదలుపెట్టింది. మరకలు మటుమాయం. చింతపండు పుట్టింటిది, ఏటా ఆమె తమ్ముడు పంపుతాడు. తన సొంత సరుకు పెట్టి కాలేజీ గాజును మెరిపిస్తున్నానని లోలోపల ఆమెకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

నాలుగేళ్ళ కిందట రిహానా వచ్చింది. దువ్వూరు పిల్ల, కాంట్రాక్టు లెక్చరరు. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం నుంచి పీహెచ్‌డీ పని. గైడు ప్రసూన మేడం కడపలో ఉంటుంది. రిహానా మిగతా లెక్చరర్ల లాంటిది కాదు. టిఫిను డబ్బా విప్పితే గురమ్మను పిలిచి సగం పెట్టేది. అడిగినదానికి విసుక్కోకుండా జవాబు చెప్పేది. గురమ్మ అడగడం మానే రకం కాదు.

"ఏంది మా, దినామూ ఈ పచ్చపొడే చేస్తాండావు? దీన్నేం జేసుకుంటారు?"

రిహానా చేతిలోని గుండ్రటి ఫ్లాస్కును చూపించింది. "దీన్ని ఉత్తినే బల్ల మీద పెడితే ఏమైతాది గురమ్మక్కా?"

"దొర్లిపడి పగుల్తాది. నాకు తిట్లు పడ్తాయి."

"అందుకని నువ్వు దాని కింద చుట్టకుదురు పెడ్తావు గదా. లోహానికి గూడా అట్లాంటి చుట్టకుదురు గావల్ల. దాన్నే లైగాండ్ అంటారు. ఈ పచ్చపొడి అదే."

ఆ తర్వాత ఓపిగ్గా చెప్పింది. మందుల తయారీలో రెండు ముక్కల్ని ఒకదానికొకటి అతికించాలి. వాటంతట అవి అతుక్కోవు. మధ్యలో ఒక లోహం నిలబడి రెంటినీ చెరో చేత్తో పట్టుకుని కలిపి, తను పక్కకు తప్పుకోవాలి. ఆ పని బాగా చేసే లోహాలు బంగారమంత ఖరీదైనవి. రిహానాకు ఇనుముతో చేయించాలని పట్టుదల. ఇనుము అయితే చవక, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ ఒంటరిగా వదిలితే ముద్దకట్టి మూల కూర్చుంటుంది. అందుకని దానికి సరిపోయే కుదురు కట్టాలి. బిగుతుగా కడితే ఇనుముకు పని చేసే సందుండదు, వదులుగా కడితే జారిపోతుంది. ఒక పక్క మాత్రం తెరిచి ఉంచాలి. ఎన్ని చేతులుండాలి, ఎంత పొడుగుండాలి, ఏ వేలికి నైట్రోజన్ తొడగాలి, ఏ భుజానికి అడ్డంగా లావు గుంపును పెట్టాలి, ఇదంతా కాగితం మీద గీసుకుని, ఆ గీసినదాన్ని ఫ్లాస్కులో పుట్టించాలి.

"ఓయమ్మో, రైక కుట్టినంత కొలతలుండాయే!" అంది గురమ్మ.

"కంటికి కనపడని మనిషికి కుట్టల్లక్కా. అదీ తంటా."

మూడేళ్ళలో రిహానా పదకొండు కుట్టింది. పదకొండూ దండగయ్యాయి. మొదటిదానికి చేతులు పొట్టి. ఐదోది ఇనుమును పట్టుకుంది గానీ కదలనీయలేదు. తొమ్మిదోది గాలి తగిలితే చాలు, నల్లగా మాడింది. ఓడిపోయిన ప్రయోగాలన్నీ చివరికి చేరేది గురమ్మ తొట్టిలోకే కాబట్టి, ఏది ఎలా పోయిందో రిహానా తర్వాత ఆమెకే బాగా తెలుసు. తెల్లటి చిన్న పలక మీద చుక్క పెట్టి, నీలం దీపం కింద చూసి ఫలితం చెప్పడం కూడా నేర్చుకుంది. పాత చుక్కకు కింద కొత్త చుక్క కనిపిస్తే అతికినట్టు, లేకపోతే లేనట్టు.

పన్నెండోదానికి రిహానా ఒక చేయి కురచ చేసి, ఒక భుజానికి లావు గుంపును కాపలా పెట్టింది. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి ల్యాబులోంచి ఒకటే కేక.

"గురమ్మక్కా! బిరీన రా!"

నీలం దీపం కింద కొత్త చుక్క పడింది. గురమ్మ కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. చుక్క ఉంది, నిక్షేపంలా ఉంది. రిహానా ఆమెను వాటేసుకుని గిరగిరా తిప్పింది. మరుసటి రోజు రిహానా ఇంటినుంచి సేమ్యా పాయసం వచ్చింది. ఇనుము లేకుండా కూడా ఒకసారి చేసి చూడాలి కదా అని, అప్పుడే డబ్బా విప్పిన కొత్త ఫ్లాస్కులో ఇనుము వేయకుండా చేసింది. చుక్క రాలేదు. ఇంకేం, పని చేసింది ఇనుమేనని తేలిపోయింది. ఎనిమిది సార్లు చేస్తే ఎనిమిది సార్లూ వచ్చింది. ప్రసూన మేడం పేపరు రాయమంది. పంపేముందు ఒక్కసారి కడపలో తన ల్యాబులో చేసి చూపించమంది.

రిహానా తన రసాయనాల సీసాలన్నీ సంచిలో సర్దుకుని బస్సెక్కింది. కడపలో మూడు సార్లు చేసింది. మూడు సార్లూ చుక్క లేదు.

తిరిగొచ్చిన రోజు ఆ పిల్ల ముఖం చూడలేకపోయింది గురమ్మ. "మేడం ఏమీ అనలేదక్కా. నిజంగా వచ్చిందా రిహానా, అని అడిగిందంతే. అంతకంటే చెంప మీద కొట్టింటే బాగుండు. ఈ నెలాఖరుకు నా రిజిస్ట్రేషన్ గడువు అయిపోతాది. ఇది పోతే పీహెచ్‌డీ పోయినట్లే. కాంట్రాక్టులోనే ముసలిదాన్నవుతా."

"కడపోళ్ల గాజు మంచిది గాదేమోలే మా," అంది గురమ్మ, ఏదో ఓదార్చాలి కదా అని. ఎంత నిజం చెప్పిందో ఆమెకప్పుడు తెలియదు పాపం.

సోమవారం ప్రసూన మేడం స్వయంగా ప్రొద్దుటూరు వచ్చింది. తన రసాయనాలు తనే తెచ్చుకుంది, తన చేత్తోనే తూచింది. రిహానాను దూరంగా కూర్చోబెట్టింది. స్టాండు మీది ఫ్లాస్కు ఒకటి తీసుకుని పని మొదలుపెట్టింది. నాలుగింటికి పలక చూస్తే చుక్క! రిహానా ఏడ్చేసింది. ప్రసూన మేడం మాత్రం నవ్వలేదు.

"నీ మీద అనుమానం తీరిపోయింది రిహానా. ఇంకో అనుమానం మొదలైంది. ఈ ల్యాబులో మనం వేయని లోహం ఏదో వచ్చి పడుతోంది. నా లెక్క ప్రకారం రాగి. పది లక్షల పాళ్ళలో పది పాళ్ళున్నా చాలు, ఈ పని చేసేస్తుంది. పేరు ఇనుముకొస్తుంది."

రాగి అన్న మాట తొట్టి దగ్గరున్న గురమ్మ చెవిన పడింది. చేతిలో ఉన్నది ఆ ప్లాస్టిక్ డబ్బాయే. మూత గట్టిగా బిగించి తొట్టి కిందికి తోసింది.

ఆ సాయంత్రమే వెతుకులాట మొదలైంది. మేడం మంగళవారం కూడా ఉండిపోయింది. ఇనుము సీసాను రాత్రికి రాత్రే కడపకు పంపి పరీక్ష చేయిస్తే శుద్ధంగా ఉందని వచ్చింది. చెంచాలు మార్చారు. కొళాయి నీళ్ళు వద్దని నారాయణ సార్ డిస్టిల్డ్ వాటర్ కొనిపించాడు. ఫ్యాను రెక్కల దుమ్ము కూడా తుడిపించారు. అందరూ అన్నిటినీ అడిగారు గానీ, కడిగే మనిషిని పిలిచి నువ్వు దేంతో కడుగుతావు తల్లీ అని ఒక్కరూ అడగలేదు. చదువుకున్నవాళ్ళకు ఫ్లాస్కు స్టాండు మీద పుడుతుందనే లెక్క.

"ఈ ల్యాబులో ఎవురన్నా నిర్లక్ష్యం చేసింటే, తేలిన దినం గేటు బయట నిలబెడ్తా," అని నారాయణ సార్ గట్టిగా అన్నాడు. కోపంలో అన్న మాటే. కానీ ఔట్‌సోర్సింగు మనిషికి కోపంలో అన్న మాటకూ మామూలు మాటకూ తేడా ఏముంటుంది?

మంగళవారం సాయంత్రం వెళ్తూ వెళ్తూ ప్రసూన మేడం చెప్పింది. "శుక్రవారం మళ్ళీ వస్తా. వెతకాల్సినవన్నీ వెతికాం. ఆ రోజు కూడా ఏ తేడా లేకుండా వస్తే పేపరు పంపేద్దాం. థీసిస్ మీద సంతకం పెడతా."

అంటే గురమ్మ నోరు మెదపకుండా మూడు రోజులు ఉంటే చాలు. ఆమె పని నిలుస్తుంది, రిహానా డాక్టరవుతుంది. శుక్రవారానికి ఫ్లాస్కులు చింతపండుతో తోమితే సరిపోతుంది, అంతే.

కానీ గురమ్మకు ముందు ఒకటి తెలుసుకోవాలనిపించింది. తన చింతపండేనా కారణం, ఉత్తినే భయపడుతోందా? బుధవారం పొద్దున రెండు ఫ్లాస్కులు తీసింది. ఒకదాన్ని ఎప్పటిలాగే డబ్బాలోని గుజ్జుతో తోమింది. రెండోది ఎన్నడూ వాడనిది, చింతపండు ముఖం చూడనిది. దాన్ని సబ్బుతో మాత్రమే కడిగి, మెడకు తెల్లదారం కట్టింది. రెండింటినీ నారాయణ సార్ కొనిపించిన నీళ్ళతోనే జాడించింది.

"ఈ దారమేందక్కా?" అంది రిహానా.

"రెండూ కలిసిపోకుండా మా," అంది గురమ్మ. అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు.

రిహానా రెండింట్లోనూ ఒకటే కొలతలు వేసి, ఒకటే నూనె తొట్టిలో పక్కపక్కన వేడికి పెట్టింది. నాలుగింటికి పలకలు చూసింది. దారం లేనిదానికి చుక్క ఉంది. దారం కట్టినదానికి లేదు.

రిహానా స్టూలు మీద కూలబడింది. దుపట్టాలో ముఖం దాచుకుంది. "యా అల్లా! ఒకే చేత్తో, ఒకేసారి పెట్టినా గదక్కా. ఒకటి వచ్చి ఒకటి రాకపోవడమేంది? ఇన్నేండ్లు చేసి నాకేమీ తెల్దు. శుక్రవారం మేడం ముందర ఏది వస్తాదో ఏది రాదో చెప్పలేను. ఒకేళ వచ్చినా, పేపరు చూసి వేరేవాళ్లు చేస్తే రాకపోతే? నన్ను జన్మంతా దొంగ అనరా?"

గురమ్మ చెప్పాలని నోరు తెరిచింది.

"టీ తెస్తా మా," అంది.

ఎంత సిగ్గుపడిందో ఆ టీ గ్లాసు పట్టుకుని మెట్లెక్కుతుంటే! తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చెప్పలేకపోయింది.

గురువారం సాయంత్రం ఓబులేసు అన్నానికి కూర్చున్నప్పుడు అంతా చెప్పింది. అతను నింపాదిగా విన్నాడు.

"నోరు మూసుకోని ఉండు మే. నువ్వు చెప్తే ఆ పాపకు పట్టా పోతాది, నీకు పని పోతాది. చెప్పకపోతే రెండూ నిలుస్తాయి. దీంట్లో అంతగా ఆలోచన చేయనీకి ఏముండాది?"

"ఆ పేపరు చూసి యాడాడివాళ్లో చేస్తారంట. వాళ్లకు రాదు గదా."

"రాకపోతే నీకేంది?"

"నాకేమీ లేదు. నాకెవురు చెప్పొచ్చినారు. ఆ పాపను దొంగంటారు. చేయని దొంగతనం మోస్తాది, అది ఎందుకొచ్చిందో గూడా దానికి తెల్దు. నాకు తెల్సు."

ఓబులేసు మిగిలిన ముద్దలు గబగబా మింగాడు. "నీ ఇష్టం. రేపు పని లేదని వచ్చి నా ముందర ఏడవద్దు," అని చేయి కడుక్కున్నాడు. అంటాడే గానీ, మరునాడు పొద్దున్నే ఆమెను బస్టాండు దాకా తనే దిగబెట్టి పోయాడు.

శుక్రవారం గురమ్మ ఆరున్నర బస్సుకే వచ్చేసింది. రిహానా అప్పటికే ల్యాబులో ఉంది. స్టాండు మీద ముందురోజు ఎప్పటిలాగే చింతపండుతో తోమిన ఫ్లాస్కులు నాలుగు వేలాడుతున్నాయి. గురమ్మ తొట్టి కిందినుంచి డబ్బా తీసి రిహానా ముందర బల్ల మీద పెట్టింది. మూత తీసింది.

"ఇదేంది?"

"చింతపండు మా. రాగి వాటర్ బాత్‌ను తోమిన గుజ్జు. దీంతోనే నీ ఫ్లాస్కులు కడుగుతాండా. బుధవారం దారం కట్టింది సబ్బుతో కడిగిన కొత్తది. నేనే కట్టినా, తెలుసుకుందామని."

రిహానా డబ్బాలోకి తొంగిచూసి, స్టాండు మీది ఫ్లాస్కులవైపు చూసింది. నోరు విప్పాక మాత్రం ఆగలేదు.

"నాలుగేండ్లు గురమ్మక్కా! నాలుగేండ్లు నేను ఇనుము ఇనుమని ఏడుస్తాంటే నువ్వు రాగి రుద్దిచ్చినావా! సోమవారమే రాగి అన్నారు గదా మేడం, ఆ పొద్దన్నా చెప్పకూడదా? బుధవారం నీ ముందరే ఏడిస్తి, టీ తెచ్చిచ్చినావే! ఏం మనిషివి నువ్వు?"

"భయం మా," అంది గురమ్మ. కన్నీళ్ళు బొటబొటా రాలాయి.

రిహానా విసురుగా లేచి వరండాలోకి పోయింది. కమ్మీ పట్టుకుని అటు తిరిగి నిలబడింది. ఎంతసేపు నిలబడిందో ఏమో. కింద ఆటో ఆగిన చప్పుడైంది. ప్రసూన మేడమూ నారాయణ సారూ మాట్లాడుకుంటూ పైకొచ్చారు.

"మొదలుపెడదామా రిహానా?" అంది మేడం సంచి దించుతూ.

రిహానా లోపలికొచ్చి స్టాండు దగ్గర నిలబడింది. నాలుగు ఫ్లాస్కులు. చేయి చాచి ఒకటి తీసుకుంటే నాలుగింటికల్లా చుక్క వస్తుంది. సంతకం పడుతుంది. ఆ గదిలో అది తెలిసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు, ఆ రెండో మనిషి నోరు విప్పదు. గురమ్మ ఆ చేతినే చూస్తోంది. నిజం చెప్పాలంటే, తీసుకో తల్లీ, తీసేసుకో అని ఆ క్షణాన మనసులో మొక్కుకుంది కూడా.

రిహానా చేయి వెనక్కి తీసుకుంది.

"మేడం, ఈ ఫ్లాస్కుల్లో రాగి ఉంది. ఎట్లా వచ్చిందో నాకు తెలిసింది."

"ఎవురు చేసినారు?" నారాయణ సార్ గొంతు లేచింది.

రిహానా తల వంచుకుంది. గురమ్మే ముందుకొచ్చింది.

"నేనే సార్. చింతపండుతో."

చెప్పాల్సిందంతా చెప్పింది. నారాయణ సార్ ముఖం ఎర్రబడింది. "చింతపండుతోనా! పద్నాలుగేండ్లుగానా!" అని అరిచాడు. ఆ వెంటనే ఆమె మణికట్టు మీది పాత కాలిన మచ్చ కంటబడిందో ఏమో, అరుపు మధ్యలో ఆగింది. "యాసిడ్ తీసేసినప్పుడు ఇంగ దేంతో కడుగుతాదని నేనన్నా అడిగుండల్ల," అని గొణిగాడు. తర్వాత మళ్ళీ హెడ్డు అయిపోయి, "ఏజెన్సీకి ఏం రాయల్లో సోమవారం చూస్తా," అన్నాడు.

ప్రసూన మేడం అవేవీ పట్టించుకోలేదు. కళ్ళజోడు సర్దుకుని ఫ్లాస్కులవైపే చూస్తోంది. "ఈ రోజు ఇనుము అసలే వేయొద్దు," అంది. చింతపండుతో తోమినవి రెండు, కొత్త డబ్బాలోంచి తీసినవి రెండు. నాలుగింట్లోనూ పన్నెండో లైగాండే. ఇనుము మాత్రం లేదు.

ఆ రోజు నాలుగ్గంటలు కావడం ఎంత ఆలస్యమైందో! అన్నం ఎవరూ తినలేదు. పలకలు నీలం దీపం కింద పెట్టారు. కొత్తవాటికి ఏమీ లేదు. చింతపండువాటికి, రెంటికీ, నల్లగా కొత్త చుక్క.

ఇనుము ఏ పనీ చేయలేదు. రిహానా దాన్ని నమ్ముకుని పెళ్ళి సంబంధాలు వెనక్కి పంపింది, పండగలకు ఇంటికి పోకుండా ల్యాబులో కూర్చుంది. అదేమో ఊరికే ఫ్లాస్కులో కూర్చుని పోయింది. రిహానా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. గురమ్మ గోడకానుకుని నిలబడిపోయింది.

"అయిపోయింది మేడం," అంది రిహానా.

"ఏమైపోయింది? నీ పదకొండు లైగాండ్లూ ఇలాంటి ఫ్లాస్కుల్లోనే చేశావు కదా? వాటికి చుక్క ఎందుకు రాలేదు? ఆ రవ్వంత రాగి వాటికీ దొరికింది, పట్టుకోలేకపోయాయి. పన్నెండోది పట్టుకుంది. ఇనుముకని కొలతలు తీశావు, రాగికి సరిపోయాయి. ఇంత తక్కువ రాగితో పని చేయించే లైగాండ్ నేనింతవరకూ చూడలేదు." మేడం కాస్త ఆగింది. "కానీ ఇదంతా మొదటినుంచి చేయాలి. ఏడాది పడుతుంది. గడువు పొడిగించమని ఉత్తరం రాస్తా. ఒప్పుకుంటారని మాటివ్వలేను."

మేడమూ సారూ వెళ్ళిపోయాక ల్యాబులో ఇద్దరే మిగిలారు. ఐదున్నర బస్సు వెళ్ళిపోయింది. గురమ్మ తొట్టి దగ్గరికి పోలేదు, స్టూలు మీద కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"కోపం పోలేదక్కా," అంది రిహానా ఆమెవైపు చూడకుండానే. "పోతాదిలే. కొన్నాళ్లు పడ్తాది."

"పోకున్నా పర్లేదు మా."

రిహానా ల్యాబు నోటుబుక్కు తెరిచింది. బుధవారం పేజీ తీసింది. "చెప్పక్కా. చింతపండు ఎంత?"

"నిమ్మకాయంత."

"ఉప్పు?"

"పిడికెడు. రాళ్లుప్పు."

రిహానా రాసుకుంటూ పోయింది. రాగి బాత్‌ను ఎంతసేపు తోమింది, గుజ్జు ఎన్నాళ్ళు నిలవుంచింది, ఫ్లాస్కును ఎన్నిసార్లు తిప్పింది, దారం కట్టిన ఫ్లాస్కును ఏ సబ్బుతో కడిగింది, అన్నీ. గురమ్మ తడుముకోకుండా చెప్పింది. పేజీ చివర ప్రయోగం చేసినవారు అన్న చోటికొచ్చి రిహానా కలం ఆపి, పుస్తకాన్ని ఆమెవైపు తిప్పింది.

గురమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. "తప్పు నాదని రాసియ్యల్లనా మా? సోమవారం సార్ ఏజెన్సీకి పంపనీకా?"

"కాదక్కా. నాలుగేండ్లలో ఈ ల్యాబులో సరిగ్గా జరిగిన ప్రయోగం బుధవారం ఈ రెండు ఫ్లాస్కులదొక్కటే. ఇది నేను చేసింది గాదు. నాకు తెలీకుండా నువ్వు చేసినావు. నీ పేరు రాయి."

గురమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని కలం అందుకుంది. అటెండెన్సు రిజిస్టరులో తప్ప ఆ కాలేజీలో ఆమె ఎక్కడా సంతకం పెట్టి ఎరగదు. అందులో పొట్టిగా గు. అని గిలికేది. ఇక్కడ ఇంటిపేరుతో సహా నిండుగా, ఒక్కో అక్షరమూ దిద్దుతూ రాసింది. రాసి, తప్పులేమన్నా ఉన్నాయేమో చూడమని పుస్తకం రిహానాకిచ్చింది.